భయానక రసం – ఔత్సాహిక రచయిత – ఆదోని సీమ

మన సాహిత్య విమర్శలో భయానక రసానికి దక్కిన చోటు బహు స్వల్పం. శృంగారం, వీరం, కరుణం – వీటిని గురించి గ్రంథాలకు గ్రంథాలే వెలువడ్డాయి. భయాన్ని మాత్రం పిల్లల కథలకూ, చవకబారు నవలలకూ, ఆ తరువాత సినిమాలకూ వదిలివేసి విమర్శకులు పక్కకు తప్పుకున్నారు. ఇది సరైన వైఖరి కాదు. ఒక సమాజం దేనికి భయపడుతున్నదో, దేనికి భయపడమని దానికి నేర్పుతున్నారో తెలుసుకోవడమంటే ఆ సమాజంలోని వర్గ సంబంధాలను తెలుసుకోవడమే. భయం మనిషికి సహజం. భయానకం మాత్రం రచయిత చేతిలో తయారవుతుంది. తయారయ్యే ప్రతి వస్తువుకూ ఒక చరిత్ర ఉంటుంది.

ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణాల్లో నేడు ఎందరో యువకులు షార్ట్ ఫిల్ములకు స్క్రిప్టులు రాస్తున్నారు. రాసినవాటిని పోటీలకు పంపుతున్నారు. వాటిలో దెయ్యం కథలకు కొదువ లేదు. ఖర్చు తక్కువ గనుక, ఒక్క ఇల్లు, ఒక్క రాత్రి, నలుగురు నటులు చాలును గనుక, కొత్తగా కలం పట్టినవాడు ముందు దెయ్యాన్నే పట్టుకుంటాడు. ఇలాంటివారు కలిసినచోట చర్చ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది: దేనితో భయపెట్టాలి? పోటీలో ఏది నిలుస్తుంది? కాగితం మీద ఏ పద్ధతిలో రాయాలి? వస్తువు, తీర్పు, రూపం – ఈ మూడు ప్రశ్నలూ కొత్తవి కావు. నూట ముప్పయి సంవత్సరాలకు పైగా ఈ సీమలో ఔత్సాహిక రచయితలు వీటికి తమకు తోచిన సమాధానాలు చెబుతూనే వచ్చారు. ఆ సమాధానాల చరిత్రను పరిశీలిస్తే ఒక విచిత్రమైన సంగతి బయటపడుతుంది: ఈ నేల నిజంగా ఎరిగిన భయం ఈ నేల రంగస్థలం మీదికి దాదాపు రానేలేదు.

ముందుగా శాస్త్రం సంగతి. భరతుడు నాట్యశాస్త్రంలో భయానకం పుట్టే కారణాలు చెబుతూ వికృతమైన ధ్వనులు, భూతదర్శనం, నక్కల కూత, గుడ్లగూబ అరుపు, శూన్యగృహం, అరణ్యం అని వరుసగా పేర్కొన్నాడు. నేటి దెయ్యం సినిమాలోని సామగ్రి అంతా ఈ పట్టికలో ఉన్నది. కాని ఆయన అంతటితో ఆగలేదు. తనవారు చంపబడటం, బంధింపబడటం చూడటమూ వినటమూ కూడా భయానకానికి కారణమేనన్నాడు. భయానకాన్ని మళ్ళీ మూడు విధాలుగా విభజించాడు: నటించే భయం ఒకటి, అపరాధం వల్ల కలిగే భయం ఒకటి, ఎవరో బెదిరించగా కలిగే భయం మరొకటి. ఈ విభజన మనకు ఎంతో ఉపకరిస్తుంది. అయితే భయమనే భావం స్త్రీలకూ నీచ పాత్రలకూ సహజమని కూడా అదే గ్రంథం చెబుతున్నది. అంటే భయపడటాన్ని సైతం వర్ణాన్నిబట్టి, లింగాన్నిబట్టి పంచిపెట్టారన్నమాట. రాజు భయపడడు, దాసి భయపడుతుంది. ఈ పంపకం నేటికీ చెక్కుచెదరలేదు. ఒక్క మార్పు మాత్రం జరిగింది: నాడు భయపడిన స్త్రీయే నేడు చచ్చి దెయ్యమై భయపెడుతున్నది.

ఇక చరిత్రలోకి వద్దాం. ఆదోని తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉన్నది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాకూ, రాయదుర్గం అనంతపురం జిల్లాకూ వచ్చాయి. బళ్ళారి పట్టణం మైసూరు రాష్ట్రానికి పోయింది. కనుక ఆదోని నాటక చరిత్రను బళ్ళారి నుంచి విడదీసి చెప్పడం కుదరదు. ఆదోనివారు కోర్టు పనికైనా, పెద్ద చదువుకైనా, నాటకానికైనా చూడవలసింది జిల్లా కేంద్రమైన బళ్ళారి వైపే. ఆ బళ్ళారిలోనే 1880ల చివరి సంవత్సరాల్లో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభను నడిపాడు. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపాడు. ఇద్దరూ వకీళ్ళు. వారి తరువాత వచ్చిన బళ్ళారి రాఘవ కూడా వకీలే. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం – మన తొలి ఔత్సాహికుల జీవితం ఇది. నాటకం వారికి కూడుపెట్టే వృత్తి కాదు. అందుకే దానిని వారు అంత ప్రేమించగలిగారు. అందుకే దానికి కొన్ని హద్దులు కూడా ఏర్పడ్డాయి.

ఈ సభలు వెలియడానికి సుమారు పదేళ్ళ ముందు ఈ సీమలో ఏం జరిగింది? 1876లో వానలు పోయాయి. ధాత నామ సంవత్సరపు కరువని మన పెద్దలు చెప్పుకునే ఆ ఘోరం 1878 దాకా సాగింది. 1871, 1881 జనాభా లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లా జనాభాలో సుమారు నాలుగోవంతు, బళ్ళారి జిల్లాలో సుమారు ఐదోవంతు తగ్గిపోయింది. తినడానికి లేనప్పుడు గుడ్డ కొనేవాడు ఉండడు. కనుక నేతగాండ్రకు దెబ్బ ముందే తగిలింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాష్ట్రానికి వచ్చి సహాయ పనుల్లో కూలిని తగ్గించాడు. ఎండలో రోజంతా రాళ్ళు కొట్టిన మగవాడికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిపైన ఒక అణా. ఆ మాత్రం తిండితో పనిచేసే మనిషి బతకలేడని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ వాదించాడు. ప్రభుత్వం ఖజానా లెక్క చూసుకున్నది. ఆదోని మీదుగా రైలు నడుస్తూనే ఉన్నది. ధాన్యం ధర పలికిన చోటికి పోతూనే ఉన్నది. వికృత ధ్వనులు, నక్కలు, గుడ్లగూబలు, శూన్యగృహాలు, కళ్ళముందే తనవారి చావు – భరతుని పట్టికలో ఒక్కటి కూడా తక్కువ కాకుండా ఈ తాలూకాల్లో ప్రత్యక్షమైంది.

ధర్మవరం 1853లో పుట్టాడు. కోలాచలం 1854లో పుట్టాడు. కరువునాటికి ఇద్దరూ ఇరవై దాటిన యువకులు. అయినా వారి ప్రసిద్ధ నాటకాల్లో కరువు కథావస్తువు కాలేదు. ‘చిత్రనళీయం’ వచ్చింది. ‘విషాద సారంగధర’ వచ్చింది. విజయనగర పతనాన్ని చెప్పే ‘రామరాజు చరిత్ర’ వచ్చింది. ఇవి చిన్న కృషి అని ఎవరూ అనలేరు. రంగస్థలం మీద మరణం చూపరాదన్న సంప్రదాయాన్ని ధిక్కరించి తెలుగులో విషాదాంతానికి దారి తీసిన ఘనత ధర్మవరానిది. ప్రపంచ నాటక చరిత్రను 1908లోనే ఇంగ్లీషులో గ్రంథంగా వెలువరించిన ఘనత కోలాచలానిది. అయినప్పటికీ ప్రశ్న ప్రశ్నగానే నిలుస్తున్నది: మరణాన్ని రంగం మీదికి తేగలిగిన ధైర్యం, తమ తాలూకాల్లో వీధి పక్కన పడి ఉన్న మరణాన్ని ఎందుకు తేలేకపోయింది?

దీనిని రచయితల హృదయ దౌర్బల్యంగా చూడటం చరిత్ర కాదు. కారణాలు మూడు కనబడుతున్నాయి. మొదటిది చట్టం. కరువు మొదలైన ఆ 1876 సంవత్సరంలోనే నాటక ప్రదర్శనల చట్టం వచ్చింది. ప్రభుత్వం మీద ద్వేషం రేపుతుందనిపించిన ఏ ప్రదర్శననైనా నిషేధించే అధికారాన్ని అది సర్కారుకు ఇచ్చింది. కరువు గురించి రాస్తే పన్ను గురించి రాయాలి, రైలు గురించి రాయాలి, టెంపుల్ కూలి గురించి రాయాలి. రెండవది సభ్యుల వర్గం. సభను పోషించినవారు, ముందు వరుసలో కూర్చున్నవారు ఉద్యోగులు, వకీళ్ళు, వర్తకులు. మూడవది రూపం. సంస్కృత నాటకమూ షేక్‌స్పియర్ నాటకమూ రెండూ పతనానికి పాత్రుడుగా రాజునే చూపాయి. ఆకలిచేత చనిపోయే నేతగాడికి ఆ రూపంలో అంకం కాదుకదా, ఒక రంగం కూడా లేదు. భరతుని విభజనలో చెప్పాలంటే బళ్ళారి రంగస్థలం సాధించినది అపరాధ భయం: తప్పు చేసిన రాజు గుండెలోని వణుకు. రాఘవ వంటి నటుడు మాక్బెత్ వేషంలో రాణించడం యాదృచ్ఛికం కాదు.

అయితే ఈ సంప్రదాయం ఒకచోటనే నిలిచిపోలేదు. దానిని ముందుకు నడిపినవాడు రాఘవయే. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టాడు. కొమ్మూరి పద్మావతీదేవి వంటివారితో కలిసి నటించాడు. పి. వి. రాజమన్నార్ ‘తప్పెవరిది’ వంటి సాంఘిక నాటకాన్ని ప్రదర్శించి రాజసభ నుంచి నడింటిలోకి నాటకాన్ని దించాడు. 1939లో జమీందారీ దౌర్జన్యాన్ని చూపిన ‘రైతుబిడ్డ’ సినిమాలో నటించాడు. ఆ సినిమా నిషేధానికి గురైంది. 1943లో ప్రజానాట్యమండలి పుట్టింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ 1947లో వచ్చింది. ఇది బెదిరింపు భయానికి సంబంధించిన నాటకం. ఇక్కడ భయపెట్టేవాడికి పేరున్నది, గడీ ఉన్నది, తుపాకులున్నాయి. భయపడేవాళ్ళు చివరకు భయపడటం మానుతారు. సర్కారు దానినీ నిషేధించింది. నిషేధించినది భూతాన్ని కాదు, భూతం చిరునామాను. పాతాళాలనూ, మాయలనూ, అగ్నివర్షాలనూ కళ్ళకు కట్టిన సురభివారి తంత్రాల వల్ల ఏ సర్కారుకూ నిద్ర పట్టకపోవడం జరగలేదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

కరువును రంగం మీదికి తేవడం సాధ్యమేనని కూడా ఆ కాలమే రుజువు చేసింది. 1943 నాటి బెంగాలు కరువు మీద బిజన్ భట్టాచార్య రాసిన ‘నబాన్న’ను ప్రజానాట్య సంఘం 1944లోనే కలకత్తాలో ప్రదర్శించింది. చచ్చినవారి బూడిద చల్లారకముందే నాటకం వచ్చింది. మన సీమ కరువుకు మాత్రం అటువంటి నాటకం రాలేదు. 1956లో విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ వచ్చింది, అది కావ్యం. కథకులు కరువును కథల్లోకి తెచ్చారు. నాటక రచయిత, ఆ తరువాత స్క్రిప్టు రచయిత – ఈ ఇద్దరూ వెనుకబడ్డారు.

ఎందుకు వెనుకబడ్డారన్నదానికి రెండవ ప్రశ్న, పోటీల ప్రశ్న, కొంత జవాబు చెబుతుంది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడింది. అటు తరువాత పరిషత్తుల పోటీలు తెలుగుదేశమంతటా వ్యాపించాయి. వాటివల్ల జరిగిన మేలు అపారం. ప్రతి పట్టణంలోనూ గుమాస్తాలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు సాయంకాలాలు రిహార్సళ్ళతో గడిపారు. వందలాది నాటికలు పుట్టాయి. కాని పోటీకి కొలతలు కావాలి. ఇంత సమయం, ఇన్ని పాత్రలు, ఒకే దృశ్యబంధం అన్నారు. ఆ కొలతలే క్రమంగా నాటిక రూపాన్ని నిర్ణయించాయి. ఒక గది, అయిదారుగురు మనుషులు, గంటసేపు, చివర ఒక మెలిక. దెయ్యం కథ ఈ కొలతలో చక్కగా ఇముడుతుంది, కరువు ఇమడదనిపిస్తుంది. నేటి షార్ట్ ఫిల్ము పోటీ కొలత ఇంకా చిన్నది: పదిహేను నిమిషాలో, పది నిమిషాలో. కనుక దెయ్యానికి మరింత గిరాకీ. తీర్పరులు వినోదాన్ని కొలుస్తారు, ‘ఉలిక్కిపాటు’ను కొలుస్తారు, రచయిత కొలిచేదానినే రాస్తాడు.

కొలత చిన్నదైతే వస్తువు కూడా చిన్నదై తీరాలా? అక్కర లేదు. ఐరిష్ రచయిత సింజ్ రాసిన ‘రైడర్స్ టు ది సీ’ 1904లో రంగమెక్కింది. అది ఒకే గుడిసెలో, గంటలోపు ముగిసే ఏకాంకిక. సముద్రం రంగం మీదికి రాదు. ఒక తల్లి కొడుకులను ఒక్కొక్కరినే అది మింగుతుంది. ప్రేక్షకుడు కిటికీకి అవతలనున్న నీటికి భయపడతాడు. ఇక్కడ దెయ్యం ప్రకృతి ఒక్కటే కాదు, పేదరికం కూడా. తిండి కోసం సముద్రం మీదికి పోక తప్పదు గనుకనే చావు. గది చిన్నదైనా, గదిలోకి వచ్చే గాలి పెద్దది కావచ్చు.

ఇక సినిమా. 1980ల తొలి యేళ్ళలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వారపత్రికలో ధారావాహికగా వెలువడి లక్షలాది పాఠకులను చేతబడి కథకు అలవాటు చేసింది. హేతువాదులు అభ్యంతరం చెప్పారు, చర్చ జరిగింది. 2009లో ‘అరుంధతి’ వచ్చింది. అందులో కనబడే బంగళా నాటి కర్నూలు జిల్లాలోని, 2022 నుంచి నంద్యాల జిల్లాలోని, బనగానపల్లె నవాబు కట్టడం. సినిమా వచ్చాక జనం దానిని ‘అరుంధతి బంగళా’ అంటున్నారు. ఆలోచించండి. బనగానపల్లె 1948 వరకు ఒక సంస్థానం. ఆర్థిక నిర్వహణ చెడిపోయినందుకు 1905 నుంచి 1908 వరకు దాని పాలనను మద్రాసు ప్రభుత్వమే తీసుకోవలసి వచ్చింది. ఆ బంగళాకు రాళ్ళు మోసిన కూలీల చరిత్ర, దానికి పన్ను కట్టిన రైతుల చరిత్ర చెరిగిపోయింది. ఒక కల్పిత దుష్టుని పేరు, ఒక జమీందారీ వంశపు ఆడపడుచు వీరత్వం మిగిలాయి. ఊరిని కాపాడటానికి ఊరివారు పనికిరారు, పెద్దింటి రక్తమే రావాలని ఆ కథ చెప్పకనే చెబుతున్నది.

2023లో వచ్చిన ‘విరూపాక్ష’ను గమనిస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. చేతబడి చేస్తున్నారని ఒక జంటను ఊరంతా కలిసి తగలబెట్టడంతో కథ మొదలవుతుంది. మన పల్లెల్లో ఈ నెపంతో నిజంగానే మనుషులను చంపిన ఘటనలున్నాయి. చంపబడినవారిలో పేదలు, ఒంటరి స్త్రీలు, దళితులు ఉన్నారు. కనుక ఆ మొదటి దృశ్యంలో నిజమైన భయానకం ఉన్నది: గుంపు. కాని కథ సాగేకొద్దీ చేతబడి నిజమేనని తేలుతుంది. గుంపు చేసినది ఘోరం కావచ్చుగాని దాని అనుమానం మాత్రం తప్పు కాదన్న మాట ప్రేక్షకుని మనసులో దిగబడుతుంది. ఇది కేవలం కళాసమస్య కాదు. తెర మీద నిర్ధారణ అయిన చేతబడి రేపు ఏ ఊళ్ళో ఏ ముసలమ్మ గుడిసె ముందు గుంపును నిలబెడుతుందో చెప్పలేం. భయానకం రాసేవాడి చేతిలో కలం ఒక్కటే లేదు, నిప్పు కూడా ఉన్నది.

మూడవ ప్రశ్న రూపానిది. కాగితం మీద ఎలా రాయాలన్నది. పోటీలకు పంపేవారిలో చాలామంది అమెరికా పద్ధతిని అనుసరిస్తున్నారు. దృశ్యానికి శీర్షిక, లోపలా బయటా, పగలా రాత్రా, ఆ తరువాత క్రియ, నడుమ సంభాషణ. ఒక పుటకు ఒక నిమిషమని లెక్క. ఆ లెక్క ఇంగ్లీషు టైపు అక్షరాల కొలతను బట్టి వచ్చినది. తెలుగు లిపిలో పుట వేరు, నిమిషం వేరు. మన సినిమాల్లో ఎడమవైపు దృశ్యం, కుడివైపు శబ్దం రాసే రెండు వరుసల పద్ధతి కూడా ఉండేది. ఏ పద్ధతైనా పనిముట్టే. దానిని నేర్చుకోవడంలో తప్పు లేదు. కాని సాఫ్ట్‌వేరు సౌకర్యం కోసం తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మొదలైనప్పుడు పనిముట్టు యజమాని అవుతుంది. ఆదోని బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసిపోయిన మాట వినిపిస్తుంది. ఆ యాస, ఆ విరుపు పరాయి అక్షరాల్లో పడి నలిగిపోయి చివరికి ఎవరిదీ కాని ‘సినిమా తెలుగు’ మిగులుతుంది. దెయ్యం కూడా ఆ భాషే మాట్లాడుతుంది. తన ఊరి భాష మాట్లాడని దెయ్యానికి తన ఊరివాడు ఎందుకు భయపడాలి?

అయితే ఈ సీమ యువ రచయిత ఏం చేయాలి? దెయ్యాన్ని మానుకొమ్మని చెప్పడం నా ఉద్దేశం కాదు. భయానకం శక్తిమంతమైన రసం. అమెరికాలో జోర్డన్ పీల్ 2017లో తీసిన ‘గెట్ అవుట్’ భయానక చిత్రమే. నల్లజాతివాడి శరీరాన్ని తెల్లవారు వాడుకునే చరిత్రనే అందులో అతడు భయానకంగా మలిచాడు. ఆ స్క్రిప్టుకు ఆస్కారు బహుమతి వచ్చింది. పోటీలో గెలవడానికి నిజాన్ని వదలనక్కరలేదని దానివల్ల తెలుస్తున్నది. ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: భయపడేవారెవరు, భయపెట్టేవారెవరు, ఆ భయంవల్ల లాభపడేవారెవరు?

భరతుడు చెప్పిన శూన్యగృహం కోసం ఆదోని, ఎమ్మిగనూరు యువకుడు బంగళాలు వెదకనక్కరలేదు. కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు పల్లెలకు పోతే చాలు. వానలు చాలని ఏడు, పనులు అయిపోయిన నెల, ‘సుగ్గి’కి పోయిన కుటుంబాల ఇళ్ళు తాళాలు వేసి కనబడతాయి. మిరపకోతకు గుంటూరు వైపు, కట్టుబడి పనికి బెంగళూరు, హైదరాబాదు వైపు పోయినవారి ఇళ్ళవి. అరుగు మీద ఒక ముసలమ్మ ఉంటుంది. బడి వదిలి అమ్మానాన్నల వెంట పోయిన పిల్లవాడి పలక గూట్లో ఉంటుంది. రాత్రి ఆ వీధిలో దీపం లేకపోవడానికి ఏ ప్రేతమూ కారణం కాదు. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పినది మగ్గం మనిషి ఇల్లు ఇలా శూన్యం కాకుండా ఉండాలనే. ఆ ప్రయత్నం వెనుకనున్న భయాన్ని, ధాత కరువునాటి నుంచి వంశపారంపర్యంగా వస్తున్న ఆ ఆకలి భయాన్ని, ఎవరైనా స్క్రిప్టుగా రాశారా?

పది నిమిషాల కొలతలో ఒక తాళం వేసిన ఇల్లు ఇముడుతుంది. ఒకే దృశ్యబంధం, ఒకే రాత్రి, ఇద్దరు పాత్రలు చాలు. పోటీ నియమాలన్నీ పాటించవచ్చు. చట్టం పేరిట ఉన్న పాత అడ్డంకి కూడా లేదు. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టాన్ని పార్లమెంటు 2017లో ఆమోదించిన రద్దు బిల్లుతో తొలగించారు. ధర్మవరానికీ కోలాచలానికీ లేని స్వేచ్ఛ, లేని పనిముట్లు నేటి ఔత్సాహికుడికి ఉన్నాయి. వారు రాజుల గుండెల్లోని భయాన్ని రాశారు. ప్రజానాట్యమండలి భూస్వామి కలిగించిన భయాన్ని రాసింది. ఆకలి కలిగించిన భయం నూటయాభై ఏళ్ళుగా తన రచయిత కోసం ఈ తాలూకాల్లోనే కాచుకుని ఉన్నది. దానిని రాసే బాధ్యత ఈ తరానిది. రాయించే బాధ్యత, చదివి తీర్పు చెప్పే బాధ్యత అధ్యాపకులమైన మనది.